పిల్లి శాపాలకు చింతకాయలు రాలవు

పంచాయతీ ఎన్నికల సమయంలో మా కాలువ శివారు ఊళ్లో జరిగిన ఒక సభలో, సర్పంచి పదవికి పోటీ చేస్తున్న పెద్దాయన ఒకరు ప్రత్యర్థుల విమర్శలకు బదులిస్తూ, "పిల్లి శాపాలకు చింతకాయలు రాలవు" అన్నారు. సభంతా గొల్లుమంది. నేనూ మనసారా నవ్వాను, ఎందుకంటే చింతచెట్టు కింద కూర్చుని పైకి చూస్తూ శపిస్తున్న పిల్లి ఎవరి కళ్ల ముందు నిలిచినా నవ్వు ఆగదు. కానీ మర్నాటికల్లా ఆ కొద్ది సెకన్ల వీడియో ముక్క "సామెత చెప్పడం కూడా రానివాడికి పదవి ఎందుకు" అన్న వ్యాఖ్యతో వాట్సాప్ గ్రూపులన్నిటా తిరిగింది. ఆ వ్యాఖ్య అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఆయనకు సామెత రాకపోవడం కాదు, రెండు సామెతలు ఒకేసారి నోటికి వచ్చాయి. పిల్లి శాపాలకు ఉట్లు తెగవు, మంత్రాలకు చింతకాయలు రాలవు. రెండింటి భావమూ ఒకటే, రెండింటి నడకా ఒకటే: వట్టి మాటలకు పైనున్నది కింద పడదు. అంత దగ్గరి పోలిక ఉన్న రెండు వాక్యాలు తోసుకుంటూ వచ్చినప్పుడు ఒకదాని తల, ఇంకొకదాని తోక బయటపడడంలో వింత లేదు. "గోరుచుట్టుపై కారం చల్లినట్లు" అని ఎవరైనా అన్నా ఇదే జరిగిందని అర్థం. రోకటిపోటూ తెలిసి, పుండు మీద కారమూ తెలిసిన మనిషి మాత్రమే ఆ తప్పు చేయగలడు.

దీన్ని పండితులు ఎప్పుడో గమనించారు. 1895లో వియన్నాలో రుడాల్ఫ్ మెరింగర్, కార్ల్ మేయర్ అనే ఇద్దరు రోజువారీ సంభాషణల్లోని నోటి పొరపాట్లను పోగుచేసి వర్గీకరించినప్పుడు, ఇలాంటి కలగలుపులకు ఒక ప్రత్యేక వర్గమే ఏర్పాటు చేశారు. వారు విన్నది ఎక్కువగా చదువుకున్నవారి మాటలనే.

అమెరికాలో జార్జి డబ్ల్యు. బుష్ 2000 నవంబరులో, అధ్యక్ష ఎన్నికకు ముందు రోజు, తనను ప్రత్యర్థులు "మిస్అండర్ఎస్టిమేట్" చేశారన్నారు. తప్పుగా అర్థం చేసుకోవడం, తక్కువగా అంచనా వేయడం అనే రెండు మాటలు అందులో కలిసిపోయాయి. 2009 జనవరిలో తన చివరి పత్రికా సమావేశంలో ఆయనే ఆ మాటను మళ్లీ వాడారు. 2010 జులైలో బుష్ పార్టీకే చెందిన నాయకురాలు, అలాస్కా మాజీ గవర్నరు సారా పేలిన్ ట్విట్టర్‌లో రాసిన "రెఫ్యూడియేట్" కూడా ఈ కోవలోదే: రెఫ్యూట్ అంటే తప్పని రుజువు చేయడం, రెప్యుడియేట్ అంటే మాకు సమ్మతం కాదని తోసిపుచ్చడం. ఎగతాళి మొదలయ్యాక ఆమె, షేక్‌స్పియర్ కూడా కొత్త మాటలు పుట్టించాడని సమర్థించుకున్నారు. ఆ సమర్థన నాకు నచ్చలేదు. కావాలని మాట పుట్టించడం వేరు, నోరు తడబడడం వేరు. ఆ ఏడాది చివర న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ నిఘంటువు దాన్నే ఆ సంవత్సరపు పదంగా ఎంచుకుంది.

అయితే ఆ ట్వీట్ దేని గురించి? న్యూయార్క్‌లో సెప్టెంబరు 11 దాడులు జరిగిన చోటికి సమీపంలో తలపెట్టిన ఇస్లామిక్ కేంద్రాన్ని, శాంతికాముకులైన ముస్లింలే వద్దనాలని ఆమె కోరారు. ఒక మతస్థుల ప్రార్థనా స్థలాన్ని ఆ మతస్థులే తోసిపుచ్చాలని అడగవచ్చా అన్నది చాలా బరువైన ప్రశ్న. ఆమె పదాన్ని ఎంత వెక్కిరించినా ఆ ప్రశ్నకు జవాబు చెప్పినట్టు కాదు. నన్ను బాధపెట్టేది ఇదే. నాయకుడి నాలుక జారిన చోట ఆగిపోయి, అతడు అడిగినదాన్ని మనం విచారించకుండా వదిలేస్తున్నాం.

నాయకుల తప్పులన్నిటినీ నేను వెనకేసుకురావడం లేదు. ఒక మహనీయుడి వర్ధంతి నాడు శుభాకాంక్షలు చెబితే అది రెండు మాటలు కలిసిపోవడం కాదు, ఒక మాటకు అర్థం తెలియకపోవడం. ఎదురుగా కాగితం పెట్టుకుని చదువుతూ కూడా అలా అంటే అది నిర్లక్ష్యం, దాన్ని నిలదీయాల్సిందే.

మా ఊరి పెద్దాయన చేతిలో కాగితం లేదు. శివారు పొలాలకు వంతులవారీ నీరు ఏ రోజు వదులుతారో, పైవాళ్లు తూములకు అడ్డుకట్ట వేస్తే ఎవరికి ఫిర్యాదు చేయాలో, కాలువలో గుర్రపుడెక్క తీయించడానికి ఎవరిని అడగాలో ఆయన దాదాపు అరగంట సేపు వివరించారు. ఆ అరగంట వీడియో ఎవరి ఫోనులోనూ లేదు.