చేతులు కట్టుకున్న చేతిపని

నా ధర్మవరం చీర మంచం మీద పడి ఉంది. కొంగు చివర జానెడు జరీ లేదు. ఎక్కడుందో చెప్పాలంటే నిన్నటి సంగతి చెప్పాలి. చెబుతుంటే మళ్ళీ ఒళ్ళు మండుతుంది. అయినా చెబుతాను.

బెంగళూరులో ఇరవై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. బిగుతైందన్నవాళ్ళున్నారు, వదులైందన్నవాళ్ళున్నారు, 'నిపుణురాలు' అన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. మొన్న మా వీధి చివరి ప్రభుత్వ హైస్కూలు టీచరమ్మ కొట్టుకు వచ్చి ఆ మాట అనేసరికి కరిగిపోయాను. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా, స్థానికంగా ఉండే పనివాళ్ళ దగ్గర పని నేర్చుకోవాలట. ఎవరి దగ్గరంటే వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, కళాకారుడు, వగైరా. ఆ వగైరా నేనే.

అసలు పిల్లలే నా దగ్గరికి రావాలి. కానీ నలభై ఇద్దరు నా ఎనిమిదడుగుల కొట్టులో పట్టరు, గేటు దాటించాలంటే బోలెడు కాగితాలు కావాలి. అందుకని నేనే బయలుదేరాను.

గేటు దగ్గర వాచ్‌మన్ నా సంచి పట్టుకున్నాడు. "ఈరోజు సంచులు లోపలికి పోకూడదమ్మా" అన్నాడు కన్నడంలో.

"అది పిల్లలకయ్యా."

"పిల్లలకు మాత్రమే అని రాయలేదు కదా."

కత్తెర, టేపు, సుద్దముక్క, స్క్రూడ్రైవరు అన్నీ గేటు దగ్గరే ఉండిపోయాయి.

లోపల ఒకే ఒక్క కుట్టు మిషను, ఇంకా పాలిథిన్ కవరు కూడా విప్పలేదు. టీచరమ్మ రాగానే, "అందరూ చేతులు కట్టుకుని కూర్చోండి" అంది. పిల్లలు మిషను ముట్టకూడదట, సూది గుచ్చుకుంటే ఎవరు జవాబు చెప్పాలి? "మరి చేతిపని ఎలా నేర్చుకుంటారు?" అన్నాను. "మీరు కుట్టండి, వాళ్ళు చూస్తారు, నేను ఫోటోలు తీస్తాను. ఫోటోలు పంపకపోతే మా మీద పడతారు" అంది.

నా తప్పూ ఉంది, దాచను. కొట్టులో ఎప్పుడూ కొంగు నడుముకు దోపుకునే కూర్చుంటాను. నిన్న మాత్రం నిపుణురాలిని కదా అని హుందాగా వదిలేశాను. బడివాళ్ళ గులాబీ రంగు దిండు గలీబు సూది కింద పెట్టి, "అన్నిటికంటే ముఖ్యమైనది, కళ్ళు సూది మీదే ఉండాలి" అని పిల్లల వైపు చూస్తూ చెప్పాను. చెబుతూనే తొక్కాను. నాలుగు కుట్లు టకటకమని పడ్డాయి. ఆ తరువాత గొంతులో ముల్లు దిగినట్టు మిషను గుర్రుమని ఆగిపోయింది.

గలీబునూ కొంగునూ కలిపి పొడిచి సూది అక్కడే దిగబడింది. అడుగున దారం పిచ్చుకగూడులా చుట్టుకుంది. చక్రం ముందుకూ తిరగదు, వెనక్కీ తిరగదు. నా తల మిషను మీదికి వంగిపోయి ఉంది, లేద్దామంటే కొంగు లాగుతోంది. కింది పలక మరలు రెండు విప్పి ఆ గూడు కత్తిరిస్తే అయిపోతుంది, రెండు నిమిషాల పని. ఆ రెండు వస్తువులూ గేటు దగ్గరున్నాయి. వాచ్‌మన్ టీకి వెళ్ళాడు. బడి కత్తెర బీరువాలో, బీరువా తాళం హెడ్‌మాస్టరు జేబులో, హెడ్‌మాస్టరు మీటింగులో. ఇంకే రోజైనా ఆ గదిలో నలభై రెండు జామెట్రీ పెట్టెలుండేవి, అడిగితే ఏ పిల్లవాడైనా బ్లేడు ముక్క తీసి ఇచ్చేవాడు. సంచి లేని రోజు కదా, పిన్నీసు కూడా లేదు.

అలా వంగి ఉండగా నాకు గాంధీగారు గుర్తొచ్చారు. 1937లో వార్ధాలో ఆయన చదువంతా చేతిపని ద్వారానే సాగాలన్నారు, ఆ బళ్ళలో పిల్లల చేతికి నూలు వడికే చిన్న కదురు, తకిలీ ఇచ్చారు. తకిలీకి కొంగు చిక్కుకుంటే తకిలీతో సహా ఇంటికి పోవచ్చు. ఈ ఇనుప కాళ్ళదాన్ని ఎక్కడికని ఈడ్చుకుపోను?

"మేడమ్, కాస్త తలెత్తండి, ఫోటోలో ముఖం రావడం లేదు" అంది టీచరమ్మ.

తలెత్తగలిగితే అక్కడెందుకుంటాను?

ముందు వరసలో మదనపల్లె వైపు పిల్ల ఒకతె, "అక్కా, కొరికేయనా?" అని లేచింది. టీచరమ్మ "చేతులు!" అని గద్దించింది. "పళ్ళతోనే కదా టీచర్" అంటూ కట్టుకున్న చేతులు విప్పకుండానే వచ్చి వంగింది. పైదారం తెగింది, కింది గూటికి పాపం నోరు అందలేదు. నిన్న ఆ గదిలో పని నేర్చుకున్నది ఆ పిల్ల ఒక్కతే.

ఎవరు కబురు పెట్టారో, మధ్యాహ్న భోజనం వండే ఆమె కత్తిపీటతో వచ్చింది. కత్తెరకు ప్రవేశం లేని గదిలోకి కత్తిపీట దర్జాగా నడిచి వచ్చింది, అంచుకు ఉల్లిపొట్టు అంటుకుని ఉంది. "ఏది కోయమంటారు?" అని టీచరమ్మనే అడిగింది, నన్ను కాదు.

"గలీబు స్టాకు రిజిస్టరులో ఉంది" అంది టీచరమ్మ.

చీర రిజిస్టరులో లేదు.

గేటు దగ్గర వాచ్‌మన్ సంచి ఇస్తూ, "కత్తెర ఉందో లేదో చూసుకుని సంతకం పెట్టండమ్మా" అన్నాడు. పెట్టాను.

ఈ పొద్దున టీచరమ్మ ఫోను చేసింది. జరీ అంచు గలీబు అందరికీ తెగ నచ్చిందట. శనివారం 'బి' సెక్షనుకు రావాలట. వచ్చేటప్పుడు అదే చీర కట్టుకురమ్మంది, గలీబులు జతగా ఉండాలి కదా అని.