డైపర్ల మీద తిరుగుతున్న ఆ మెసేజ్‌కి నా జవాబు

చంటిపిల్లలున్న ప్రతి ఇంటికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే మెసేజ్ ఇది. సారాంశం ఇలా ఉంటుంది: ‘వెనకటి తల్లులు ఓపిగ్గా గుడ్డలు ఉతికి పిల్లల్ని పెంచారు. ఇప్పటివాళ్లు బద్ధకంతో డైపర్ తొడిగి వదిలేస్తున్నారు. అందులోని జెల్ విషం. దానివల్ల కాళ్లు వంకరపోతాయి, మగపిల్లలకి పెద్దయ్యాక సంతానం కలగదు. ఒక్కో డైపర్ భూమిలో 500 ఏళ్లు ఉంటుంది. గుడ్డ వల్ల ప్రకృతికి ఏ నష్టమూ లేదు. ఇప్పుడు ఫోన్‌కి కబురు పంపే డైపర్లు కూడా వచ్చాయి, ఇక తల్లి బిడ్డని ముట్టుకునే పనే ఉండదు.’

ఇందులో ఒక నిజమైన బాధ ఉంది. డైపర్ల చెత్త నన్నూ కలవరపెడుతుంది. నా ఇద్దరు పిల్లలకీ పగలు గుడ్డ, రాత్రి డైపర్ వాడాను. రాత్రి వాడిన ఆ ఒక్కటి పొద్దున్నే చెత్తబుట్టలో వేస్తున్నప్పుడు ప్రతిసారీ మనసు చివుక్కుమనేది. కానీ ఒక నిజం చుట్టూ ఇన్ని అబద్ధాలు పేర్చి, నిందంతా నిద్రలేని బాలింత నెత్తిన వేయడం అన్యాయం. భయపెట్టడానికి చెప్పిన మాట అబద్ధమని తేలాక, చెత్త గురించి చెప్పిన నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. నా అసలు భయం అదే.

ముందు జెల్ సంగతి. దాని పేరు సోడియం పాలీఅక్రిలేట్. 1960ల్లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు నేలలో తేమ నిలిపి ఉంచడం కోసం ఇలాంటి పదార్థాల మీద పనిచేశారు. 1980ల్లో అవి డైపర్లలోకి వచ్చాయి. శుద్ధమైన నీళ్లయితే తన బరువుకి కొన్ని వందల రెట్లు పీల్చుకుంటుంది. మూత్రంలో ఉప్పు ఉంటుంది కాబట్టి అందులో సుమారు 30 రెట్లకే ఆగిపోతుంది. ఇది చాలా పొడవైన గొలుసులాంటి అణువు, చర్మంలోంచి ఒంట్లోకి దిగేది కాదు. 1980 ప్రాంతంలో అమెరికాలో నెలసరికి బాగా పీల్చే టాంపాన్లు వాడిన కొందరు స్త్రీలకు ప్రమాదకరమైన జబ్బు వచ్చింది. అవి శరీరం లోపల గంటల తరబడి ఉంచుకునేవి, డైపర్ ఒంటి బయట ఉండేది. ఆ భయాన్ని తెచ్చి డైపర్‌కి అంటగట్టారు.

అలాగని డైపర్‌లో అన్నీ మంచివేనని నేను అనను. 2019లో ఫ్రాన్స్ ఆరోగ్య భద్రతా సంస్థ ఆన్సెస్ డైపర్ల మీద ఒక నివేదిక ఇచ్చింది. కొన్నిటిలో ఫార్మాల్డిహైడ్, వాసన కోసం కలిపే పరిమళాలు, ఇంకా కొన్ని రసాయనాలు ఉండకూడని మోతాదులో ఉన్నాయని, వాటిని తీసేయాలని చెప్పింది. నిజంగా జాగ్రత్తపడాల్సింది ఇక్కడ. మూత్రం వాసన కప్పిపుచ్చే సువాసన బిడ్డకి అక్కర్లేదు. వాసన లేని రకం కొనండి. ఆ మెసేజ్ ఉపయోగపడే ఈ ఒక్క ముక్క వదిలేసి, లేని విషం పట్టుకుని వేలాడింది.

కాళ్ల వంకర గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కడుపులో ముడుచుకుని పెరుగుతారు కాబట్టి పుట్టిన ప్రతి బిడ్డకీ కాళ్లు కాస్త విల్లులా ఉంటాయి. రెండేళ్లకల్లా చాలామందికి సర్దుకుంటాయి. మూడు, నాలుగేళ్లప్పుడు మోకాళ్లు లోపలికి తిరిగినట్టుంటాయి, ఏడేళ్లకి అదీ సరవుతుంది. 2012లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 60 మంది పసివాళ్లను మూడు రకాలుగా నడిపించి చూశారు. ఏమీ వేయకుండా ఉన్నప్పుడు అన్నిటికన్నా బాగా నడిచారు. పల్చటి డైపర్‌తో కొంచెం తడబడ్డారు, మందపాటి గుడ్డ డైపర్‌తో ఇంకా ఎక్కువ తడబడ్డారు. అదీ ఒంటి మీద ఉన్నంతసేపే. నిజానికి తుంటి ఎముకకి ప్రమాదం తెచ్చింది ఒక పాత పద్ధతి: కాళ్లు చాపి బిగించి గుడ్డలో చుట్టడం. జపాన్‌లో 1975 నుంచి అలా చుట్టొద్దని ప్రచారం చేశాక, పసిపిల్లల్లో తుంటి జారడం బాగా తగ్గింది.

సంతానం మాటకి మూలం 2000లో జర్మనీలో జరిగిన ఒక చిన్న పరిశోధన. ప్లాస్టిక్ పొర ఉన్న డైపర్లో వృషణాల దగ్గర వేడి గుడ్డలో కన్నా కొంచెం ఎక్కువగా ఉందని తేలింది. వాళ్లు కొలిచింది వేడిని. ఆ పిల్లలు పెద్దయ్యాక వాళ్లకి పిల్లలు పుట్టారా లేదా అన్నది అందులో లేనే లేదు. రోజులో కాసేపు ఏమీ తొడగకుండా గాలి తగలనిస్తే చర్మానికి ఎటూ మంచిదే.

ఇక 500 ఏళ్లు. పాంపర్స్ డైపర్లు మార్కెట్లోకి వచ్చింది 1961లో. 500 ఏళ్లు ఆగి చూసినవాళ్లు ఎవరూ లేరు, అది ఒక అంచనా. కానీ ఇక్కడ మెసేజ్‌ని పూర్తిగా కొట్టిపారేయలేను. పైపొర ప్లాస్టిక్, లోపలి జెల్ ప్లాస్టిక్ జాతిదే, అంచుల్లో ఎలాస్టిక్. ఇవి మట్టిలో కలిసిపోవు, ముక్కలై మిగులుతాయి. రోజుకి ఐదు చొప్పున రెండున్నరేళ్లు వాడితే ఒక్క బిడ్డకి 4,500 దాటుతాయి. ఒక్క అమెరికాలోనే 2018లో 41 లక్షల టన్నుల డైపర్ల చెత్త వచ్చిందని, అందులో దాదాపు 80 శాతం నేలలో పూడ్చారని అక్కడి పర్యావరణ సంస్థ లెక్క. అంకె 500 కాకపోయినా బాధ నిజమే. పైగా అందులో మలం కూడా ఉంటుంది, దాన్ని చేతులతో ఏరేవాళ్లు ఉంటారు. మలం టాయిలెట్‌లో వేసి, డైపర్‌ని గట్టిగా చుట్టి పారేయడం రెండు నిమిషాల పని. మనలో చాలామంది చేయం. చేయాలి.

‘గుడ్డ వల్ల ఏ నష్టమూ లేదు’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008లో రెండున్నరేళ్ల వాడకాన్ని లెక్కగట్టింది. పారేసే డైపర్లకి సుమారు 550 కిలోల కార్బన్ ఉద్గారాలు, సగటున ఉతికే గుడ్డలకి సుమారు 570 కిలోలు. చదివి ఆశ్చర్యపోయాను. కారణం తెలిశాక అర్థమైంది. పారేసేవాటి హాని ఎక్కువగా ఫ్యాక్టరీలో జరుగుతుంది, గుడ్డల హాని మన ఇంట్లోనే జరుగుతుంది. మరిగే నీళ్లతో ఉతికి, మెషీన్‌లో ఆరబెడితే గుడ్డే ఎక్కువ నష్టం. మెషీన్ నిండా వేసి ఉతికి, ఆరుబయట దండెం మీద ఆరేసి, రెండో బిడ్డకీ అవే వాడితే గుడ్డల లెక్క 40 శాతం దాకా తగ్గుతుంది. 2023లో అదే దేశం మళ్లీ లెక్క వేస్తే గుడ్డ సుమారు 345, పారేసేది సుమారు 457 అని వచ్చింది. అంటే గుడ్డ మేలే. కానీ ఆ మేలు గుడ్డలో లేదు, దాన్ని ఉతికే తీరులో ఉంది.

ఉతికేది ఎవరు మరి? నాకు కోపం తెప్పించే చోటు ఇదే. ‘వెనకటి తల్లులు ఓపిగ్గా ఉతికారు’ అన్నప్పుడు ఆ ఓపిక ఎవరిదో అందరికీ తెలుసు. అమెరికాలో మారియన్ డోనవన్ అనే తల్లి 1940ల చివర్లో, తడిసిన పక్కబట్టలు ఉతకలేక, స్నానాల గది తెరని కత్తిరించి గుడ్డ మీద తొడిగే, తడి కారని తొడుగు కుట్టింది. కంపెనీలు వద్దన్నాయి. ఆమె తనే తయారుచేసి అమ్మింది, 1951లో పేటెంట్ తెచ్చుకుంది. బద్ధకంగా ఉన్న మనిషి చేసే పనులు కావివి. గుడ్డ వాడమని చెప్పే హక్కు రోజూ సగం బకెట్ ఉతికేవాళ్లకే ఉంది. ఇంట్లో మగవాళ్లు ఆ బకెట్ పట్టుకుంటే చాలా ఇళ్లలో డైపర్ల సంఖ్య దానంతటదే తగ్గుతుంది.

విచిత్రం ఏమిటంటే, పాతవాళ్లు నిజంగా గెలిచే అంశాన్ని మెసేజ్ మర్చిపోయింది. బిడ్డ ముఖం చూసి, సమయం కనిపెట్టి, ఎత్తి పట్టుకుని కూర్చోబెట్టే అలవాటు అది. 1950ల దాకా అమెరికాలో కూడా ఎక్కువమంది పిల్లలు ఏడాదిన్నరకే గుడ్డ మానేసేవారు. ఇప్పుడు మూడేళ్ల దగ్గర పడుతోంది. బిడ్డ సిద్ధమయ్యేదాకా తొందరపెట్టొద్దని 1962లో రాసిన అమెరికా పిల్లల వైద్యుడు డాక్టర్ బ్రేజల్టన్, 1990ల చివర్లో పెద్ద సైజు పాంపర్స్ ప్రకటనలో కనిపించారు. ఆయన సలహాలో దయ ఉంది, కొట్టి తిట్టి నేర్పే పద్ధతి కన్నా వెయ్యి రెట్లు మేలు. కానీ ఆలస్యమయ్యే ప్రతి నెలా ఎవరికి లాభమో కూడా ఆలోచించాలి. ఆరు నెలలు ముందే మానితే, రోజుకి మూడు చొప్పున చూసినా, 500 పైన డైపర్లు చెత్తలోకి వెళ్లవు. బిడ్డని టెన్షన్ పెట్టకుండా, తనంతట తను కూర్చునేలా ముందునుంచీ అలవాటు చేయడం సాధ్యమే. మా రెండోదానితో నేను అదే చేశాను.

చివరగా ఫోన్‌కి కబురు పంపే డైపర్లు. అవి ఉన్న మాట నిజం. 2020లో అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయం పరిశోధకులు బ్యాటరీ అక్కర్లేని చిన్న ట్యాగ్ తయారుచేశారు. జెల్ తడిస్తే కొద్దిగా విద్యుత్తుని పోనిస్తుంది కాబట్టి, ఆ మార్పుతోనే దగ్గరలోని రీడర్ అనే పరికరానికి సంకేతం అందుతుంది, అక్కడినుంచి ఫోన్‌కి. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఉన్న ఇంట్లో ఇది నాకు అనవసరం అనిపిస్తుంది. వేలు పెట్టి చూస్తే తెలిసేదానికి, పారేసే ప్లాస్టిక్‌లో ఇంకో లోహపు ముక్క చేర్చడం ఎందుకు? కానీ దానివల్ల తల్లి బిడ్డని ముట్టుకోదనడం మాత్రం క్రూరం. తడి తెలిశాక మార్చేది చెయ్యే కదా. ఇంక్యుబేటర్‌లో ఉన్న నెల తక్కువ బిడ్డని తడి చూడటానికి మాటిమాటికీ కదిలించకుండా ఉండాలన్నా, మంచాన పడి మాట రాని పెద్దవాళ్లు గంటల తరబడి తడిలో ఒంటి చర్మం పుండు పడకుండా ఉండాలన్నా, అలాంటి చోట ఆ ట్యాగ్ ఉండాలనే నేను కోరుకుంటాను.