ఫిన్లాండ్ వెళ్తే సంతోషం వస్తుందన్న మెసేజ్‌కి ఓ మావయ్య జవాబు

మొన్న ఆదివారం మా మేనల్లుడు ఫ్యామిలీ గ్రూపులో ఓ మెసేజ్ పెట్టాడు. ఈమధ్య అందరి ఫోన్లలోనూ తిరుగుతున్నదే, మీకూ వచ్చే ఉంటుంది. పైన మంచు ఫొటో, కింద ఎర్రక్షరాలతో "ఇంకా ఇక్కడే ఎందుకున్నావ్?" అని. అందులో ఉన్నదంతా క్లుప్తంగా ఇదీ: ప్రపంచ సంతోష నివేదికలో ఫిన్లాండ్ మొదటిది, ఇండియా 118. అక్కడ జీతం ఇక్కడికి నాలుగింతలు. గాలి శుభ్రం, లంచాల్లేవు. ఏటా 2 లక్షల మందికి పైగా మన పౌరసత్వం వదులుకుంటున్నారు, వెళ్ళినవాళ్ళెవరూ వెనక్కి రావడం లేదు. అమ్మానాన్నలకి డబ్బు పంపితే చాలు, వీడియో కాల్ ఎలాగూ ఉంది. కాబట్టి సంతోషంగా బతకాలంటే విదేశం వెళ్ళు, ఆలస్యం చేస్తే తలుపులు మూసుకుపోతాయి.

దాని కింద వాడి ప్రశ్న: "మావయ్యా, నువ్వు నాలుగేళ్ళు విదేశంలో ఉండి వచ్చావు కదా, ఏమంటావ్?"

ఓ బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకుందునేమో గానీ, వాడు విదేశీ చదువు కోసం ముప్ఫై రెండు లక్షల అప్పు మీద సంతకం పెట్టబోతున్నాడు. అందుకే ఇంత పొడుగు జవాబు. వెళ్ళొద్దని చెప్పడానికి రాయడం లేదు. నేనూ యూకే వెళ్ళాను, మాంచెస్టర్లో నాకు మంచే జరిగింది. నా పేచీ అంతా ఆ మెసేజ్‌లో "కాబట్టి" అన్న ఒక్క మాటతో.

ముందు ఆ 118 సంగతి. అంకె తప్పు కాదు. 2025 నివేదికలో 147 దేశాల్లో మనది 118, ఫిన్లాండ్ 2018 నుంచీ వరసగా మొదటి స్థానంలో ఉంది. మార్కులు ఎలా వేస్తారన్నదే ఎవరూ చూడరు. గ్యాలప్ అనే సర్వే సంస్థ చాలా దేశాల్లో ఏటా సుమారు వెయ్యి మందిని ఒక ప్రశ్న అడుగుతుంది. ఓ నిచ్చెన ఊహించుకోండి. కింద సున్నా, పైన పది. పైమెట్టు మీకు దొరకగలిగే అన్నిటికంటే మంచి బతుకు, కింది మెట్టు అన్నిటికంటే చెడ్డ బతుకు. ఇప్పుడు మీరే మెట్టు మీదున్నారు? మూడేళ్ళ జవాబుల సగటే మార్కు. ఫిన్లాండ్‌కి 7.74, మనకి 4.39. ఆదాయం, ఆరోగ్యం, అవినీతి అన్నీ కూడి ఈ మార్కు తీస్తారని చాలామంది అనుకుంటారు. కాదు, ఆ లెక్కలు మార్కు అలా ఎందుకొచ్చిందో తర్వాత వివరించడానికి వాడతారు. ఇంకో విషయం, ఆ ప్రశ్నలో సంతోషం అన్న మాటే లేదు.

ఊరికే ఉండలేక మా ఇంట్లో ఈ ప్రశ్న అడిగి చూశాను. మా అమ్మ పొద్దున ఏడు అంది. సాయంత్రం మోకాలి నొప్పి ఎక్కువయ్యాక "నాలుగు చాల్లే" అంది. ఇక్కడ విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి తట్ట పట్టుకుని మా వీధికొచ్చే ఆవిడ వంజరం ముక్కలు కోస్తూ అంతా విని, "ఏటి బాబూ, పదో మెట్టెక్కి కూకుంటే ఈ సేపలు ఎవులమ్ముతారు? ఐదు రాసుకో" అంది. మేనల్లుడు మూడు అన్నాడు. ఎందుకురా అంటే మెల్‌బోర్న్‌లో ఉన్న వాడి ఫ్రెండ్ కొత్త కారు ఫొటో చూపించాడు. వాడి నిచ్చెనకి పైమెట్టు అదన్నమాట. అలాంటి నిచ్చెన విమానం ఎక్కినా మన వెంటే వస్తుంది. మెల్‌బోర్న్‌లో దిగితే ఇంకెవరో ఇంకా పెద్ద కారుతో కనిపిస్తారు.

పోనీ ర్యాంకునే నమ్ముదాం. అదే 2025 జాబితాలో కోస్టారికా ఆరు, మెక్సికో పది. ద్వారకానగర్లో ఓ సాయంత్రం నడవండి. మేడల నిండా కన్సల్టెన్సీ బోర్డులే. ఒక్కటైనా "మెక్సికో వీసా గ్యారంటీ" అని ఉంటుందేమో చూడండి. మనవాళ్ళు వెళ్ళేవి అమెరికా, యూకే, కెనడా, ఆస్ట్రేలియా, జర్మనీ. వీటిలో ఒక్కటీ మొదటి పదిలో లేదు. ఆస్ట్రేలియా 11, కెనడా 18, జర్మనీ 22, యూకే 23, అమెరికా 24. యుద్ధంలో ఉన్న ఉక్రెయిన్ కూడా 111తో మనకంటే పైనే ఉంది, అలాగని అక్కడికి ఎవరం బయల్దేరం. మా వాడి ఆఫర్ లెటర్ యూకే నుంచి వచ్చింది. మెసేజ్‌లో ఫొటో ఫిన్లాండ్‌ది.

ఇక్కడ ఆ మెసేజ్ రాసినవాడి తరఫున నేనే ఓ మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం. 2018 నివేదిక ప్రత్యేకంగా వలసల మీదే వచ్చింది. వలస వెళ్ళినవాళ్ళ మార్కులు క్రమంగా ఆ దేశస్థుల మార్కులకి దగ్గరగా వస్తాయనీ, వలసొచ్చినవాళ్ళ లెక్కలోనూ ఫిన్లాండే మొదటిదనీ అది చెప్పింది. కాబట్టి వెళ్తే ఏమీ మారదని నేననను. కానీ వెళ్ళేవాళ్ళు మామూలుగానే చొరవ, ఓపిక, కాస్త డబ్బు ఉన్నవాళ్ళు. వాళ్ళని వెళ్ళనివాళ్ళతో పోల్చి ఏం తేలుస్తాం? దీనికి టోంగా అనే చిన్న ద్వీప దేశంలో ఓ మంచి సందు దొరికింది. అక్కడినుంచి న్యూజిలాండ్ వెళ్ళడానికి లాటరీ తీస్తారు. పేరొచ్చినవాళ్ళూ రానివాళ్ళూ అందరూ వెళ్ళాలనుకున్నవాళ్ళే, తేడా అదృష్టం ఒక్కటే. పరిశోధకులు ఈ రెండు గుంపుల్నీ పోల్చారు. వెళ్ళినవాళ్ళ ఆదాయం దాదాపు మూడింతలైంది. మానసిక ఆరోగ్యం మెరుగుపడింది. సంతోషం మాత్రం తగ్గింది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకొకటి. వెనక్కి తిరిగి చూసుకుని "మా బతుకు బాగుపడింది" అని వాళ్ళు చెప్పారు, కానీ లాటరీ తగలనివాళ్ళతో పోలిస్తే ఆ బాగు కనబడలేదు. అంత కష్టపడి వెళ్ళాక బాగాలేదని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. పండక్కి ఫోన్ చేస్తే నేనూ "సూపర్‌గా ఉంది" అనే చెప్పేవాణ్ణి.

జీతం నాలుగింతలు అన్నది మార్కెట్ మారకం రేటుతో చేసిన గుణకారం. ఇప్పుడు డాలర్‌కి 85 పైనే ఇస్తున్నాం కానీ, అమెరికాలో ఒక డాలర్‌కి వచ్చే సరుకు ఇక్కడ 20 రూపాయల చుట్టూ దొరుకుతుంది, ప్రపంచ బ్యాంకు కొనుగోలు శక్తి లెక్క ప్రకారం. అక్కడే సంపాదించి అక్కడే ఖర్చు పెట్టేవాడికి రెండో లెక్కే అసలు లెక్క. మాంచెస్టర్లో మా ఇద్దరి జీతాల్లో ఒకటి అచ్చంగా అద్దెకీ, పాప నర్సరీకీ పోయేది. మిగిలింది ఇంటికి పంపితే ఇక్కడ పెద్ద మొత్తంలా కనిపించేది, అదీ నిజమే. కానీ ఆ పంపేది మిగలాలంటే నెలంతా ఎలా గడిపామో మా ఇంటి పప్పు డబ్బాకి తెలుసు.

ఫిన్లాండే కావాలంటే వాడికి ఇంకో నాలుగు సంగతులు. 2025 చివర్లో అక్కడ నిరుద్యోగం పది శాతం చుట్టూ ఉంది. అమ్మకం పన్ను 2024 సెప్టెంబర్ నుంచి 25.5 శాతం. పౌరసత్వానికి కావాల్సిన నివాస కాలాన్ని అదే ఏడాది అక్టోబర్లో ఐదేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళకి పెంచారు. భాషకి 15 విభక్తులు. ప్రథమా విభక్తి నుంచి సంబోధన దాకా ఎనిమిది అప్పజెప్పడానికే టెన్త్‌లో వీడు తెలుగు మాస్టారితో ఎన్ని తిట్లు తిన్నాడో నాకు తెలుసు.

గాలి, నీళ్ళు, లంచాలు. దీనికి నా దగ్గర జవాబు లేదు, మెసేజ్ రైటు. వన్ టౌన్‌లో మేడ మీద ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి ఏ రంగుకి తిరుగుతుందో అక్కడున్నవాళ్ళనడగండి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ గ్యాస్ లీకై 12 మంది పోయారు. ఆ ఊరివాళ్ళెవరైనా మంచి గాలి కోసం దేశం దాటతానంటే నేను దగ్గరుండి సూట్‌కేస్ సర్దుతాను. కాకపోతే మంచి గాలితో పాటు చీకటి కూడా వస్తుంది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో డిసెంబర్ మూడో వారంలో పగలు ఆరు గంటలు కూడా ఉండదు. మాంచెస్టర్లోనే నాలుగు కొట్టేలోపు లైట్లు వేసుకునేవాళ్ళం. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ పెరిగినవాడికి అది మొదటి ఏడాది వింతగా ఉంటుంది, మూడో ఏడాదికి వింత పోతుంది, చీకటి ఉంటుంది.

"వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రాలేదు" అన్నది మాత్రం విశాఖలో కూర్చుని అనకూడని మాట. కంచరపాలెంలో బర్మా క్యాంప్ అని ఎందుకంటారో ఎప్పుడైనా అడిగారా? ఉత్తరాంధ్ర నుంచి వేలమంది రంగూన్ వెళ్ళారు, రేవుల్లో, మిల్లుల్లో పని చేశారు. అప్పట్లో బర్మా అంటే ఇప్పటి డాలస్ లాంటిదే. 1942లో జపాన్ దాడితో కొందరు నడిచి పారిపోయి వచ్చారు, 1962లో సైన్యం అధికారం పట్టి దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక ఇంకొందరు వచ్చారు. వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళే వాళ్ళంతా. ఇప్పటివాళ్ళూ తిరిగొస్తున్నారు, నాలాగా. విమానాశ్రయంలో దిగి "తిరిగొచ్చేశాను" అని ఫొటో ఎవడూ పెట్టడు కాబట్టి కనబడరు.

పౌరసత్వం లెక్క కూడా నిజమే, 2022లో 2,25,620 మంది వదులుకున్నారు. కానీ మన 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం వేరే దేశ పౌరసత్వం తీసుకుంటే మనది పోతుంది. రెండూ ఉంచుకునే వీలుంటే ఆ 2 లక్షల మందిలో ఎంతమంది వదులుకునేవాళ్ళు? అది ఈ దేశం మీద విరక్తికి కొలత కాదు, పాస్‌పోర్టు నిబంధన.

ఇక అమ్మానాన్నలు. నేను తేలిగ్గా తీసుకోలేనిది ఇదొక్కటే.

2018 నవంబర్లో ఓ రాత్రి ఫోన్ మోగింది. నాన్న ఎంవీపీ కాలనీ ఇంట్లో బాత్రూమ్‌లో జారిపడ్డారు, తుంటి ఎముక విరిగింది. నేను మాంచెస్టర్ నుంచి దుబాయ్, అక్కణ్ణుంచి హైదరాబాద్, మళ్ళీ వైజాగ్. ఆస్పత్రి మెట్లెక్కేసరికి ఒకటిన్నర రోజు గడిచింది, ఆపరేషన్ అయిపోయింది. అంతా బాగానే జరిగింది, డాక్టర్ల మీద నాకే ఫిర్యాదూ లేదు. బిల్లు కట్టడానికి నేను పంపిన డబ్బే పనికొచ్చింది, ఆ మాటా చెప్పాలి. డిశ్చార్జ్ రోజు ఫైల్ తిరగేస్తుంటే ఆపరేషన్‌కి ఒప్పుకుంటూ ఇచ్చే కాగితం కనిపించింది. సంతకం కింద పోర్షన్‌లో అద్దెకుండే కుర్రాడిది. "పేషెంట్‌తో సంబంధం" అన్న గడిలో నీలం పెన్నుతో "కొడుకు" అని రాసి ఉంది. నర్సు తొందర పెడుతోంది, ఏం రాయాలో తెలీక రాసేశానన్నా, ఏమీ అనుకోకండి అన్నాడు. ఏమనుకుంటాను? ఆ కాగితం ఫొటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

అలాగని తిరిగొచ్చి శ్రవణ కుమారుణ్ణయిపోయానని అనుకోకండి. 2020 జనవరిలో వచ్చాం. మొదటి ఏడాది నిచ్చెన మీద నాది మూడో మెట్టే. పాప తెలుగు డిక్టేషన్ రాయలేక ఏడ్చేది, నేను ప్రతిదానికీ "అక్కడైతే" అని మొదలెట్టి అందరి ప్రాణం తీసేవాణ్ణి. నాన్న అయితే, "నువ్వొచ్చాక నాకు పేపర్ ప్రశాంతంగా చదువుకునే యోగం పోయిందిరా" అనేవారు. దగ్గరుంటే సంతోషం పెరిగిందా అంటే చెప్పలేను. ఆ గడిలో ఇప్పుడు నా సంతకం ఉంటుంది, అంతవరకు తెలుసు. ఇది వీడియో కాల్‌తో తీరేది కాదు. తీరుతుందని రాసినవాడికి ఆ రాత్రి ఫోన్ ఇంకా రాలేదు.

చివరిది, తలుపులు మూసుకుపోతాయన్న బెదిరింపు. నిజానికి చాలా తలుపులు ఇప్పటికే సగం వేసేశారు. 2024 జనవరి నుంచి యూకేలో మాస్టర్స్ చదివేవాళ్ళలో పరిశోధన కోర్సుల వాళ్ళు తప్ప మిగతావాళ్ళలో దాదాపు ఎవరూ కుటుంబాన్ని తీసుకెళ్ళలేరు. కెనడా అదే నెలలో విద్యార్థి పర్మిట్లకి పరిమితి పెట్టింది. అమెరికా 2025 సెప్టెంబర్లో కొత్త హెచ్-1బి దరఖాస్తులకి లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. ఇవన్నీ తొందరపడమని చెప్తున్నాయా, ఆగి లెక్కేసుకోమని చెప్తున్నాయా? తొందర కన్సల్టెన్సీవాళ్ళకి కావాలి. ఇంకా ఘోరమైనవాళ్ళకీ కావాలి. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన విశాఖ కుర్రాళ్ళని కంబోడియా పంపి, అక్కడ సైబర్ మోసాలు చేయించిన ముఠా సంగతి 2024 మేలో ఇక్కడి పోలీసులే బయటపెట్టారు. వాళ్ళకి చెప్పిందీ ఇదే, త్వరగా రండి, సీట్లు అయిపోతాయి అని.

ఒరే, ఇప్పుడు నీ సంగతి. ముప్ఫై రెండు లక్షలకి 11 శాతం వడ్డీ, పదేళ్ళు అనుకుంటే నెలకి 44 వేలు కట్టాలి, చదివే కాలంలో పెరిగే వడ్డీ కాకుండా. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి యూకే ఇచ్చే రెండేళ్ళ గడువు 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్ళకి 18 నెలలే. స్కిల్డ్ వర్కర్ వీసాకి మామూలుగా చూసే కనీస జీతం 2025 జూలైలో ఏడాదికి 41,700 పౌండ్లు అయింది, కొత్తగా చదువు ముగించినవాళ్ళకి కొంత సడలింపు ఉంది. నీ కోర్సు ముగించినవాళ్ళలో ఎంతమందికి ఆ జీతం వచ్చిందో యూనివర్సిటీకి మెయిల్ పెట్టి అడుగు. కన్సల్టెన్సీని అడక్కు. మీ నాన్న పెందుర్తి స్థలం కాగితాలు బ్యాంకులో పెట్టేముందు ఆ జవాబు రావాలి.

ఆదివారం ఇంటికి రా, ఆఫర్ లెటర్ పట్టుకురా. వీసా రాకపోతే కట్టిన డిపాజిట్ తిరిగిస్తారో లేదో ఏ పేజీలో రాశారో ఇద్దరం కలిసి వెతుకుదాం. అమ్మమ్మ వంజరం పులుసు పెడతానంటోంది.