రూపాయి బిళ్ల పెట్టని ఫొటో

సంక్రాంతికి గరివిడి దగ్గర అత్తారింటికి వెళ్లినవాణ్ణి, అరిసెలు తిని పడుకోవచ్చు కదా. పడుకోలేదు. కనుమ నాడు కల్లం వైపు వెళ్తే ఒక రాతి పలక మీద, నల్ల సిరాతో గీసినట్టు ఫెర్న్ ఆకు కనిపించింది. దాని పక్కనే మట్టిలో సగం కూరుకుపోయిన ఇంకో రాయి. మధ్యలో గుంట, చుట్టూ కిరణాల్లా గాట్లు. అచ్చం పగడపు శిలాజం!

వంగి, కూర్చుని, బోర్లా పడుకుని పద్నాలుగు ఫొటోలు తీశాను. విశాఖలో జియాలజీ చదువుతున్న మేనల్లుడికి పంపి, వాడు చూసేలోపే స్టేటస్ కూడా పెట్టేశాను.

"మావయ్యా, ఆ ఆకుకి నడిమి ఈనె ఉందా?"

జూమ్ చేసి చూశాను. ఈనె లేదు, తొడిమ లేదు. కొమ్మలే కొమ్మలు.

"అది మాంగనీసు. నీళ్లతోపాటు రాతి పగుళ్లలోకి దిగి అలా కొమ్మలుగా పేరుకుంటుంది. డెండ్రైట్ అంటారు. అక్కడ మాంగనీసు గనులున్నాయి కదా! అయినా ఆ కొండలు ఖోండలైట్. భూమి లోపల ఉడికి నలిగిన రాయిలో ఆకు మిగులుతుందా?"

"ఆకు పోతే పోయింది, పగడం సంగతి చెప్పు."

వాడి గొంతు మారింది. "ఎవరో ఎక్కడి నుంచో తెచ్చి పడేశారేమో. గాట్లు లెక్కపెట్టు. ఇప్పటి పగడాల్లో లోపలి గోడలు ఆరేసి లెక్కన ఉంటాయి. పాత రుగోసా రకంలో నాలుగు భాగాల్లో పుట్టేవి. అవి అంతరించి 25 కోట్ల ఏళ్లు దాటింది."

పైకి కనిపించే సగంలో పదకొండు. రెట్టిస్తే ఇరవై రెండు. నాలుగుతోనూ పోదు, ఆరుతోనూ పోదు.

"కొత్త జాతేమో మావయ్యా!" అని వాడే అన్నాడు, నేను కాదు. "సైజెంత? పక్కన రూపాయి బిళ్లయినా పెట్టకుండా ఫొటో తీస్తారా ఎవరైనా?"

నా జేబులో బిళ్ల ఎక్కడిది? టీ డబ్బులు కూడా ఫోన్‌లోనే కడుతున్న రోజులు. ఇంటికెళ్లి అత్తగారిని అడిగాను.

"రూపాయితో ఏటి పని బాబూ?" అంటూ ఆవిడా వెనకే వచ్చారు. రాయి చూసి బుగ్గ మీద వేలేసుకున్నారు.

"ఇది మా అత్తగోరి తిరగలి కదేటి! కక్కు గాట్లు అరిగిపోయి పప్పు పగలట్లేదని పారేసినాం."

తెచ్చినందుకైనా రూపాయి పెట్టి ఒక ఫొటో తీసి పంపాను. రెండు నిమిషాలకు జవాబు వచ్చింది.

"మావయ్యా, రూపాయి ఎక్కడుంది?"