‘చైనా క్లిప్పర్’: యజమాని పంతానికి ఇంత హారతి ఎందుకు?

1936 ఆగస్టులో విడుదలైన ‘చైనా క్లిప్పర్’ చిత్రాన్ని ఇటీవల మళ్లీ చూశాను. ప్యాన్ అమెరికన్ అనే అమెరికా విమానయాన సంస్థ పసిఫిక్ మీద నడిపిన, నీటి మీద దిగే ‘చైనా క్లిప్పర్’ అసలు విమానం నీటిని చీల్చుకుంటూ పైకి లేచే దృశ్యాలకు, పాతికసార్లు చూసినా, నేను దాసోహమే. నా పేచీ అంతా కథానాయకుడితో.

ప్యాట్ ఓబ్రయన్ పోషించిన డేవ్ లోగన్, 1927లో పైలట్ లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటిన ఉత్సాహం తలకెక్కి విమాన సంస్థ పెడతాడు. పసిఫిక్ దాటి తీరాలన్న పంతంలో పైలట్లను కసురుకుంటాడు, భార్యను దూరం చేసుకుంటాడు. వృద్ధ డిజైనర్ డాడ్ బ్రన్ పని భారంతోనే కన్నుమూస్తాడు. ఆ పాత్ర వేసిన హెన్రీ వాల్తాల్ చిత్రీకరణ సాగుతుండగానే, 1936 జూన్‌లో, నిజంగా మరణించారు కనుక ఆ సన్నివేశాలను నేను స్థిమితంగా చూడలేను. ఇంత జరిగినా సినిమా లోగన్‌ను మందలించదు; విమానం గమ్యం చేరింది కాబట్టి అన్నీ మాఫీ. అతడికి ఎదురునిలిచే పైలట్ పాత్రలో, ఇంకా పెద్ద తార కాని హంఫ్రీ బోగార్ట్ కనిపించినంతసేపే నాకు ఊపిరాడింది.

లోగన్‌కు మూలం ప్యాన్ అమెరికన్ అధిపతి హువాన్ ట్రిప్ అన్నది తెలిసిన సంగతే. అయితే పసిఫిక్‌ను దాటించింది ఒక్క మనిషి పట్టుదల కాదు. అమెరికా తపాలా శాఖ కాంట్రాక్టు ఉంది, దీవుల విషయంలో నౌకాదళం అందించిన సహకారం ఉంది. సముద్రం మధ్య చుక్కలాంటి వేక్ దీవిని వెతికి పట్టుకోవడానికి ఆ సంస్థ రేడియో ఇంజనీరు హ్యూగో లూటెరిట్జ్ అభివృద్ధి చేసిన రేడియో దిక్సూచి విధానం ఉంది. 1935లో నార్త్ హేవెన్ అనే ఓడ అక్కడికి మనుషులను, సామగ్రిని చేరవేస్తే, విమానం దిగేందుకు వీలుగా మడుగులోని పగడపు దిబ్బలను డైనమైట్‌తో పేల్చారు. ఆ పేలుళ్ల పనివాళ్ల మీదే ఒక సినిమా తీయవచ్చు!

అసలు నాటకీయత 1935 నవంబరు 22న కాలిఫోర్నియాలోని అలమెడాలో ఉంది. లక్షా పదివేలకు పైగా ఉత్తరాలతో తొలిసారి బయలుదేరిన చైనా క్లిప్పర్‌ను, శాన్ ఫ్రాన్సిస్కోలో నిర్మాణంలో ఉన్న బే వంతెన మీదుగా తీసుకువెళ్లాలన్నది కెప్టెన్ ఎడ్విన్ మ్యూసిక్ ఉద్దేశం. బరువు వల్ల అది తగినంత ఎత్తుకు లేవదని గ్రహించిన ఆయన, ఆఖరి క్షణంలో వేలాడే తీగల కిందుగా దూసుకుపోయారు. హోనలూలూ, మిడ్‌వే, వేక్, గ్వామ్ మీదుగా నవంబరు 29న మనీలా చేరారు. ఇంత చక్కని ఘట్టాన్ని కాదని, సినిమా మకావు దారిలో తుఫానును ఆశ్రయించింది. కథ రాసిన ఫ్రాంక్ వీడ్ స్వయంగా నౌకాదళ వైమానికుడు, 1926లో మెట్ల మీద నుంచి పడి నడవలేని స్థితికి చేరిన మనిషి. పైలట్ జాగ్రత్త విలువ ఆయనకు తెలియదని అనుకోలేను. అందుకే నా కినుక మరింత ఎక్కువ.

1938 జనవరిలో, పసిఫిక్‌లోని అమెరికన్ సమోవా రేవు పాగో పాగో నుంచి బయలుదేరిన, అదే సంస్థ విమానం సమోవన్ క్లిప్పర్‌లో నూనె కారుతోందని గమనించిన మ్యూసిక్ పంతానికి పోకుండా వెనక్కి మళ్లారు. దిగే ముందు బరువు తగ్గించడానికి ఇంధనాన్ని వదులుతుండగా విమానం పేలి, ఆయనతో సహా ఏడుగురు మరణించారు. తెర మీద తుఫానులో ముందుకే సాగుతున్న విమానాన్ని చూస్తుంటే, వెనక్కి మళ్లిన ఆ విమానమే నా కళ్ల ముందు కదులుతుంది.