రామాయణం పాలమూరు దారిన కూడా వచ్చింది

శ్రీరామనవమికి విదేశాల్లోని మన తెలుగు సంఘాల్లో జరిగే తంతు అందరికీ తెలిసిందే. పిల్లలకు ఫ్యాన్సీ డ్రెస్, ఒక క్విజ్, ఆ తర్వాత పులిహోర, పానకం. దశరథుడికి కొడుకులెందరు, వారధి కట్టిందెవరు అని అడుగుతాం, వాళ్లు టకటకా చెప్పేస్తారు. అందులో తప్పేం లేదు. కానీ ఆ కథ మన ఇళ్లకు ఏ దారిన వచ్చిందో ఒక్కరమూ చెప్పం. దాంతో మన పిల్లలకు రామాయణం అయోధ్యది, టీవీది. నల్లగొండకు, పాలమూరుకు (మహబూబ్‌నగర్ ప్రాంతానికి) దాంతో ఏం పని అనుకుంటారు.

ఉడుత కథే చూడండి. అది వాల్మీకంలో లేదు, రంగనాథ రామాయణంలో ఉంది. 13వ శతాబ్దంలో గోన బుద్ధారెడ్డి పేరిట వెలసిన ద్విపద కావ్యమది. గోనవారు ఏలిన వర్ధమానపురమే నాగర్‌కర్నూల్ జిల్లాలోని ఇప్పటి నంది వడ్డెమాన్. ద్విపదకు రెండేసి పాదాలే. చదువు రాకున్నా వింటే పట్టుబడుతుంది. తోలుబొమ్మలాటవాళ్లు దాన్ని అందుకున్నారంటే ఊరికే కాదు.

నల్లగొండ పక్కన పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయం గోడల మీద రామాయణ, భారత ఘట్టాలు చెక్కి ఉన్నాయి. మనవాళ్లు అదే ఊళ్లోని ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడిలో పడే నీడ చూసి, ఫొటో దిగి వచ్చేస్తారు!

నన్నడిగితే ముందు చెప్పాల్సింది కురుమూర్తి జాతర గురించి. భరతుడు పాదుకల్ని సింహాసనం మీద పెట్టి రాజ్యం నడిపాడని మన పిల్లలకు తెలుసు. ఆ పాదుకలు చేసిందెవరని ఏ క్విజ్‌లోనూ అడగరు. చిన్నచింతకుంట మండలంలోని కురుమూర్తి కొండ దగ్గర ఆ ప్రశ్న అడగక్కర్లేదు. కార్తీకంలో జరిగే జాతరకు ఉద్దాల, అంటే స్వామి పాదుకల, ఉత్సవమే ప్రాణం. అక్కడ వెలసిన వేంకటేశ్వర స్వామి ఉద్దాలను చిన్న వడ్డెమాన్‌లో దళితులు నియమనిష్ఠలతో తోలుతో కుడతారు. ఊరేగింపుగా అవి వస్తుంటే తలమీద పెట్టించుకోవడానికి జనం ఎగబడతారు. కులం, డబ్బు అన్నీ ఆ తోపులాటలో పక్కకు పోతాయి.

ఆ ఒక్క రోజుకే, అనేవాళ్లున్నారు. నిజమే. ఉద్దాలను నెత్తిన పెట్టుకునే ఊళ్లే వాటిని కుట్టేవాళ్లను ఏళ్లతరబడి ఎక్కడ నిలబెట్టాయో కూడా పిల్లలకు చెప్పాలి. పండగ పూట ఇవన్నీ ఎందుకంటే నేనొప్పుకోను. అడవికి పోయిన రాజు కథ చెప్తూ, అడవి అంచున వాడలో ఉన్నవాళ్ల ఊసెత్తకపోతే ఎట్లా?

అదే గడ్డ పండుగ సాయన్ననూ మరిచిపోలేదు. ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పెట్టినవాడని పాలమూరు జనం ఆయన కథను పాడుకున్నారు. 12 మెట్ల కిన్నెర మీద ఆ కథ పాడిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. వెదురు కర్ర, ఎండిన సొరకాయ బుర్రలు, తీగలు... చూడటానికి అంతే, దాని మీద ఒక మనిషి బతుకంతా పలుకుతుంది. దేవుడి కథకు దక్కే గౌరవంలో సగమైనా ఇట్లాంటి కథలకు దక్కాలి.

తెలంగాణలో కవులు పూజ్యమని, అంటే సున్నా అని, ఎవరో రాస్తే పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి వాదనతో ఆగలేదు. ఊరూరా కవుల వివరాలు సేకరించి 1934లో 354 మందితో గోలకొండ కవుల సంచిక అచ్చేశారు. మన సంఘాలు చేయగలిగిందీ ఆ పనే. ఆరు నెలల వీసా మీద వచ్చే మన అమ్మానాన్నలు, అత్తామామలు ఇక్కడ బేస్‌మెంట్లలో సీరియళ్లు చూస్తూ, ఎప్పుడు పోదామా అని టెన్షన్ పడుతుంటారు. వాళ్లలో పాలమూరు దగ్గరి మన్యంకొండ క్షేత్రపు భక్తకవి హనుమద్దాసు కీర్తనలు భజనల్లో పాడినవాళ్లుంటారు. ‘తవ్వని కోనేరు, చెక్కని పాదాలు, ఉలి ముట్టని స్వామి’ అని ఆ కొండను గుక్కతిప్పుకోకుండా వర్ణించేవాళ్లుంటారు. మనం వాళ్లను వేదిక మీదికి పిలిచేది జ్యోతి వెలిగించడానికే.

ఈసారి క్విజ్ ఒక పావుగంటకు కుదించి, వాళ్లకు గంట ఇవ్వండి. పాడినంతా ఫోన్లో రికార్డు చేసి ఊరి పేరు, పాడినవారి పేరు రాసిపెట్టే పని హైస్కూలు పిల్లలకు అప్పజెప్పండి. ముందుగా పెద్దల్ని అడిగి, వాళ్లు సరే అన్నాకే. స్లైడ్లు వద్దు. వేదిక మీద ఒక జంపఖానా పరిచి, మైకు మాత్రం కిందికి దించండి. వాళ్లు కూర్చునే పాడతారు.