పండు మీది స్టిక్కరు గారికి బహిరంగ లేఖ

శ్రీయుత స్టిక్కరు గారికి,

నమస్కారాలు. మీ హోదా ముందు పండు ఏపాటిది? అందుకే నేరుగా మీకే రాస్తున్నాను. నిగనిగలాడే ఆపిల్ మీద కొలువుతీరి, నాలుగంకెల సంఖ్య ఒకటి చూపించి మౌనవ్రతం పాటిస్తారు. ఆ మౌనానికి మేము తలా ఒక భాష్యం చెప్పుకుంటున్నాం.

మీ మహిమల గురించి ఫోన్లలో తిరిగే సందేశాలు మీ దాకా వచ్చే ఉంటాయి. నాలుగుతో మొదలైతే మందులు కొట్టిన పండట, ఎనిమిదైతే జన్యుమార్పిడి సరుకట, తొమ్మిదైతే సాక్షాత్తూ అమృతమట. కింద 'అందరికీ పంపండి' అని ఆజ్ఞ. మీరు ఒక్కసారైనా ఖండించారా? ఎందుకు ఖండిస్తారు, ఊరికే పరపతి పెరుగుతుంటే!

అసలు మీ ఉద్యోగం బిల్లు కౌంటరులో. అక్కడ కూర్చున్న మనిషికి ఇది ఏ పండో, ఏ రకమో తెలిస్తే సరైన ధర వేస్తారని 1990 నుంచి సూపర్‌మార్కెట్లు మిమ్మల్ని వాడుకుంటున్నాయి. 4011 అంటే మామూలు పసుపుపచ్చ అరటిపండు, అంతే. ఆ నాలుగుకూ పురుగుమందుకూ ఏ చుట్టరికమూ లేదు. 3000, 4000 వరుసల్లో ఖాళీగా ఉన్న సంఖ్యను తెచ్చి తగిలించారు. హాస్ రకం అవకాడో చిన్నదైతే 4046, పెద్దదైతే 4225. కాయ సైజు పెరిగితే సంఖ్య మారుతుంది గానీ, చప్పగా ఉంటే మారదు.

ఎనిమిది కథ మరీ రసవత్తరం. జన్యుమార్పిడి పంటల కోసం నాలుగంకెల ముందు చేర్చే ఐదో అంకెగా దాన్ని అట్టేపెట్టిన మాట నిజమే. కానీ ఆ పేరు మీద దాన్ని తగిలించుకుని ఒక్క పండూ దుకాణం గడప తొక్కలేదు. ఈలోగా నాలుగంకెల సంఖ్యలు నిండుకోవస్తుంటే, ఆ ఎనిమిదిని మామూలు పండ్లకూ కూరలకూ కేటాయించారు. రేపు ఏ అమాయకపు కాయో ఆ అంకెతో ఎదురైతే మన సందేశవీరులు పరుగు లంకించుకుంటారు కాబోలు. పైగా మిమ్మల్ని అంటించడం అమ్మేవారి ఇష్టం. గిరాకీ చెడగొట్టే అంకెను ఎవరైనా చేజేతులా అంటించుకుంటారా అని అడిగిన పాపాన పోయినవారు లేరు.

ఇక తొమ్మిది. అదే అరటిపండు సేంద్రియ సాగులో పండితే ముందు తొమ్మిది చేరి 94011 అవుతుంది. ఇంతవరకు సందేశవీరులు చెప్పింది సబబే. అయితే సేంద్రియమంటే ఏ మందూ సోకనిదని కాదు, ప్రకృతి సిద్ధంగా దొరికే కొన్ని మందులకు అక్కడా అనుమతి ఉంది. అమృతాన్ని కూడా కడుక్కునే తినాలి.

నిజంగా మాకు కావలసిన సంగతులు వేరు. ఆక్సిజన్ తగ్గించిన శీతల గిడ్డంగుల్లో ఆపిల్ నెలల తరబడి నిలవ ఉంటుంది. కోశాక కడిగేటప్పుడు దాని సహజమైన మైనం కొంత పోతుంది, దాని బదులు లక్కో, తాటిజాతి చెట్టు ఆకుల మైనమో పూస్తారు. తింటే ప్రమాదమేమీ లేదు గానీ, ఆ తళతళ తాజాదనానిది కాదని తెలియాలి కదా. ఈ విషయాల్లో మీ సంఖ్య నోరు మెదపదు. పండు ఏ దేశానిదో కూడా అందులో ఉండదు, పక్కన విడిగా అచ్చువేస్తే తప్ప.

మీ పట్టుదల గురించి కూడా చెప్పాలి. మెత్తని టమాటా మీద నుంచి గోటితో లాగితే తోలుతో సహా వస్తారు, వచ్చి వేలికి అంటుకుంటారు. దులిపితే సింకు అంచుకు చేరతారు. తొక్కతో పాటు ఎరువు గుంతలో పడ్డారా, తొక్క మట్టైపోయినా ప్లాస్టిక్ వారు గనుక మీరు మాత్రం అంకెలతో సహా అలాగే ఉంటారు.

చివరగా ఒక విన్నపం. చోటు చాలదని సాకు చెప్పకండి. కంపెనీ పేరుకు, రంగురంగుల బొమ్మకు దొరికిన జాగా కోసిన తేదీకి దొరకదా?

ఇట్లు,
మీ కింద మచ్చ ఉందేమోనని గీకి చూసే ఒక కొనుగోలుదారు